కుడి చెవి కమ్మ

సోమవారం

మార్పు: భోజనశాలలో ఉప్పు డబ్బా ఉండేచోట పంచదార డబ్బా, పంచదార డబ్బా ఉండేచోట ఉప్పు డబ్బా.
పట్టుకున్నది: దీవెనమ్మ.

వంటశాల నడిపే మనిషి పోటీలోకి రాకూడదని నేను వాదించాను. "ఉప్పేసిన టీ తాగింది నేనండీ వదినా, మీరు కాదు. బత్తాయి ఇలా పెట్టండి" అని దీవెనమ్మ చెయ్యి చాపింది. ఇచ్చాను. ఏం చేస్తాం?

ఈ చిట్టా రోజూ రాసి ఆఫీసు గూట్లో పడెయ్యాలని నియమం. దాన్ని చదివే నాథుడు లేడని నాకు చాలాకాలం కిందటే అర్థమైంది. అందుకే నోటికొచ్చిందల్లా ఇందులో రాసుకుంటాను. ఎప్పుడైనా ఎవరైనా తీసి చదివితే, వాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు మాణిక్యం. నా ఉద్యోగం పేరు మార్పుల అధికారి. ఊళ్ళో మాత్రం నన్ను కెలుకుడు మాణిక్యం అంటారు. నాకేం బాధ లేదు, పని అదే కదా.

చంద్రుడి నేలకింద తవ్వుకున్న ఈ ఊరికి పాతర అని పేరు పెట్టింది మా ముత్తాతలు. వడ్లు దాచుకున్నట్టు మనుషుల్ని దాచుకున్నారు, పేరు బాగానే కుదిరింది. ఇక్కడ ఎండ లేదు, వాన లేదు, పిట్ట కూత లేదు. గాలిమర రొద మనిషి పుట్టినప్పట్నుంచి పోయేదాకా ఒకటే శ్రుతి. మారనిదాన్ని మెదడు ఖాతరు చెయ్యదు. కట్టుకున్న చీర ఒంటిమీద ఉందని పొద్దస్తమానం గుర్తుండదు చూశారూ, అలాగన్నమాట. మా నానమ్మ చిన్నతనంలో ఒక గాలిగొట్టానికి చిల్లుపడి ఈల వేస్తుంటే, ఊరంతా ఆ ఈలకి అలవాటుపడిపోయి హాయిగా తిరిగారట. పిల్లలు ఊపిరాడక సొమ్మసిల్లాక గానీ ఆ చప్పుడు ఎవరి చెవికీ ఎక్కలేదు.

అప్పుడు పుట్టింది నా ఉద్యోగం. రోజూ ఎక్కడో అక్కడ ఒకటి మార్చాలి. మనుషుల బుర్రలు మొద్దుబారకుండా చూడాలి. ముందు కనిపెట్టినవాళ్ళు "పట్టేశా!" అని అరవాలి. అరిచినవాళ్ళకి తోటగదిలోంచి ఒక బత్తాయి. బత్తాయి కోసం ఈ ఊళ్ళో పెద్దమనుషులు కూడా ఎంతకైనా దిగజారుతారు.

ఆ అరుపులో మా ఆయన లోవరాజుని మించినవాడు లేడు. ఊరి బయటి తలుపు దగ్గర కాపలా ఆయనది. ఎవరు బయటికి వెళ్ళాలన్నా ఆయన చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు మార్పు చెయ్యడానికి ఏమీ తోచక, పాపిడి మధ్యలోంచి తీసి పక్కకి తీసుకున్నాను. సాయంత్రం దాకా ఒక్కరూ చూడలేదు. ఈయన తలుపు దగ్గర్నుంచి వచ్చి, "ఇది కూడా మార్పుల్లోకే వస్తుందా అండీ?" అని మెల్లిగా అడిగాడు. అరవను కూడా లేదు. ఆ బత్తాయి ఇద్దరం పంచుకుని తిన్నాం, తర్వాత పెళ్ళి చేసుకున్నాం.

అలాంటి మనిషి ఈమధ్య ఒక్కటీ పట్టుకోవడం లేదు. నామీద అలిగాడని నా అనుమానం.

బుధవారం

మార్పు: బడి సొరంగంలో దీపాలకి నీలం కాగితం.
పట్టుకున్నది: బడిపిల్లలు, మూకుమ్మడిగా. బత్తాయి తొనలు పంచేసరికి నా ప్రాణం పోయింది.

అనుమానం కాదు, అలకే. పొద్దున్నే వక్కపొడి డబ్బా కోసం వెతుకుతూ ఇల్లు పీకి పందిరేశాడు.

"మళ్ళీ మార్చావా? ఊరు చాలదా నీకు, ఇంట్లో కూడానా?"

"నేను ముట్టుకోలేదండీ. బల్ల మీదే ఉంది చూడండి."

"చూశాను. లేదు."

బల్లకి ఎడమ చివర, ఎప్పుడూ ఉండేచోటే ఉంది. తీసి ఆయన ముందు ఠక్కుమని పెట్టాను. "ఇప్పుడే తెచ్చి పెట్టి నాటకాలాడకు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చెయ్యని పనికి మాట పడటం నావల్ల కాదు. నేనూ నాలుగు అన్నాను. నిన్న ఎడమ కాలి చెప్పు దాచానట, మొన్న దువ్వెన మాయం చేశానట. నాకేం పనిలేదనుకున్నాడా?

భోజనాల దగ్గర ఎప్పట్లాగే ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నాను. పెళ్ళైనప్పట్నుంచి నా చోటు అదే. గోంగూర పచ్చడి ఎలా ఉందండీ అని అడిగాను. పలకలేదు. ఎదురుగా కూర్చున్న సర్వారాయుడు బాబాయ్‌తో మాత్రం పకపకా నవ్వుతూ మాట్లాడాడు. నేనక్కడ గోడతో సమానం. సరే, నాకూ వచ్చు మూతి ముడుచుకోవడం.

శుక్రవారం

మార్పు: బయటికి వెళ్ళే సూట్ల భుజం క్లిప్పులకి పసుపు పట్టీల బదులు ఆకుపచ్చ పట్టీలు.
పట్టుకున్నది: ఎవరూ లేరు.

రాయడానికి చేతులు రావడం లేదు, అయినా రాస్తాను.

బయటి తలుపు దగ్గర ఏది మార్చినా కాపలా మనిషికి ముందుగా చెప్పి తీరాలి. అది మాకు దేవుడి మీద ప్రమాణం లాంటిది. పొద్దున్నే వెళ్ళి చెప్పాను. ఆయన స్టూలు మీద కూర్చుని మీటర్లు చూస్తున్నాడు. నేను ఎడమ పక్కన నిలబడి, "క్లిప్పుల పట్టీలు మార్చాను, ఆకుపచ్చవి పెట్టాను, చూసుకోండి" అన్నాను. మొహం కూడా తిప్పలేదు. మాట్లాడుకోవడం లేదు కదా, విన్నాడులే అనుకుని వచ్చేశాను.

తర్వాత సర్వారాయుడు బాబాయ్ పైన కరెంటు పుట్టించే ఎండపలకల మీద దుమ్ము తుడవడానికి బయల్దేరాడు. ఊరికి పెద్దాయనే అయినా ఆ పని ఎవరికీ ఇవ్వడు. ఎప్పట్లాగే మా ఆయన బాబాయ్‌కి ఎదురుగా నిలబడి క్లిప్పులు లాగి చూసి, వీపు మీద ఒక్కటి చరిచి "పద మావయ్యా" అన్నాడు. రెండు తలుపుల మధ్య గదిలో గాలి తీస్తుంటే సూటులోంచి సుయ్‌మని గాలి పోవడం మొదలైందట. బాబాయ్ బెల్లు కొట్టాడు. మా ఆయన ఒక్క ఉదుటున చక్రం తిప్పి గదిలోకి మళ్ళీ గాలి వదిలాడు కాబట్టి సరిపోయింది. కుడి భుజం క్లిప్పు అసలు పెట్టే లేదు.

బాబాయ్‌కి చెవుల్లో నొప్పి తప్ప ఏమీ కాలేదు. కాసేపుంటే ఏమయ్యేదో తలుచుకోను.

శనివారం

మార్పు: లేదు. ఆపమన్నారు.

భోజనశాలలో ఊరంతా కూర్చున్నారు. బాబాయ్ రెండు చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు.

"పట్టీ రంగు మారిందని నాకు తెలీదు" అన్నాడు మా ఆయన. "ఆకుపచ్చ పట్టీ చూసి క్లిప్పు పడిందే అనుకున్నానో, ఏమనుకున్నానో... నాకెవరూ చెప్పలేదు."

"చెప్పానండీ! పక్కనే నిలబడి చెప్పాను!"

"నువ్వు రానేలేదు."

అంతమందిలో ఆ మాట అన్నాడు. ఆయన అబద్ధం ఆడడని ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. అదే నన్ను ఇంకా చంపింది. మొగుడూ పెళ్ళాలు గొడవపడి ఈవిడ చెప్పకుండా ఊరుకుందని అందరి మొహాల మీదా కనపడుతూనే ఉంది.

"మాణిక్యం, తప్పెవరిదని నేననటం లేదమ్మా" అన్నాడు బాబాయ్ నెమ్మదిగా. "కొన్నాళ్ళు నీ మార్పులు ఆపు. మనుషులు తికమకపడిపోతున్నారు. దేన్నైనా చూసి సరిగ్గా లేదంటే, మాణిక్యం మార్చిందిలే అనుకుంటున్నారు."

నా జన్మలో అంత అవమానం పడలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని ఓదారుస్తాడేమో అని చూశాను కూడా. వచ్చాడు, మంచానికి అవతలి వైపు కూర్చుని, "మాణిక్యం ఎక్కడికి పోయిందో" అని తనలో తాను గొణుక్కున్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను.

ఆదివారం

మార్పు: లేదు. కానీ ఒకటి జరిగింది.

ఆదివారం కాబట్టి దీవెనమ్మ పుట్టగొడుగుల కూర చేసింది. మా ఆయనకి ప్రాణం. కంచంలో కుడివైపు పప్పు, ఎడమవైపు కూర వేసి వెళ్ళింది. నేను పలకరించకుండా పక్కన కూర్చుని నా కంచం నేను చూసుకుంటున్నాను. ఆయన పప్పన్నం అంతా తినేసి కేకేశాడు.

"ఏం దీవెనమ్మా, అందరికీ కూర వేసి నాకు వెయ్యలేదేం? నామీద నీక్కూడా కోపమేనా?"

"అయ్యో, వేశానండీ అన్నయ్యగారూ! కంచంలోనే ఉందిగదండీ!"

"ఎక్కడుంది?" అని నవ్వుతూ కంచం వైపు చూశాడు. నిజంగా చూశాడు. నేను ఆయన కళ్ళనే చూస్తున్నాను. ఆ చూపు కంచం మధ్యదాకా వచ్చి ఆగిపోయింది. అక్కడేదో గోడ ఉన్నట్టు, అంతకు మించి ఇవతలికి రాలేదు.

కెలికే చెయ్యి ఊరుకోదు కదా. కంచాన్ని అరచుట్టు తిప్పాను.

"ఆఁ, ఇప్పుడు వేశావు" అని హాయిగా తినడం మొదలుపెట్టాడు.

తినడం సగంలో ఉండగా మళ్ళీ తిప్పాను. కూర ఎడమవైపుకి పోయింది. ఆయన చెయ్యి ఆగింది. "అయిపోయింది, ఇంకొంచెం వేస్తావా?" అని దీవెనమ్మని అడిగాడు. దీవెనమ్మ నా వైపు చూసింది, నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

వక్కపొడి డబ్బా ఎడమవైపు. చెప్పు ఎడమ కాలిది. బాబాయ్‌కి ఎదురుగా నిలబడితే ఆయన కుడి భుజం మా ఆయనకి ఎడమవైపు. నేనూ ఎడమవైపే. అలక కాదు, పాడూ కాదు. ఆయన లోకంలో ఎడమ సగం లేదు. ఇంకే ఊళ్ళో అయినా డబ్బా కనపడకపోతే మనిషికి ఏమైందో అని అనుమానపడేవారు. ఇక్కడ నేనున్నాను కాబట్టి మాణిక్యమే మార్చిందని ఆయన సరిపెట్టుకున్నాడు, ఊరూ సరిపెట్టుకుంది.

సోమవారం

మార్పు: ఊరి కోసం లేదు. ఆయన కోసం ఒకటి, చివర్లో చెబుతాను.

డాక్టరు హబీబా దగ్గరికి తీసుకెళ్ళడానికి పడిన పాట్లు చెప్పనక్కర్లేదు. "నాకేమైందే? అన్నీ కనపడుతూనే ఉన్నాయిగా" అంటాడు.

"కనపడనిది కనపడటం లేదని మీకెలా తెలుస్తుందండీ?"

"అదేం తిరకాసు?"

హబీబా కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గియ్యమంది. ఈయన గుండ్రంగా గీత గీసి, పన్నెండు అంకెలూ కుడివైపు సగంలోనే కుక్కి, "చూడు, ఎంత బాగా వచ్చిందో" అని నాకు చూపించబోయాడు. చూపించింది ఖాళీ గోడకి. నేను ఎడమ పక్కన ఉన్నాను. నోట్లో కొంగు కుక్కుకున్నాను.

తర్వాత హబీబా నన్ను అవతలికి పిలిచి చెప్పింది. తల కుడివైపు ఒక చిన్న నరంలో రక్తం గడ్డకట్టిందట. ఆ మధ్య ఒకరోజు తలనొప్పిగా ఉందని పడుకున్నాడే, బహుశా అప్పుడే అయి ఉంటుందట.

"కళ్ళు బాగానే ఉన్నాయి ఆంటీ. చెవులూ బాగానే ఉన్నాయి. సరుకు గుమ్మం దాకా వస్తోంది, ఎడమ గుమ్మం దగ్గర అందుకునే మనిషే లేడు. అంతే తేడా."

"మళ్ళీ వస్తుందా తల్లీ?"

"మందులిస్తాను. చాలామందికి నెలల మీద మెల్లిగా సర్దుకుంటుంది. కొంతమందికి పూర్తిగా రాదు. ఇప్పుడే మాటివ్వలేను." మందుల డబ్బా అందిస్తూ, "మీ చేతిలో కూడా ఉంది" అంది. "ఎప్పుడూ ఎడమవైపు నుంచే పలకరించండి. ఎడమ అంచున ఎర్రదేదైనా పెట్టి, అది కనపడేదాకా తల తిప్పమనండి. విసుక్కున్నా వదలకండి. మెదడుకి అటువైపు ఒక లోకం ఉందని మళ్ళీ అలవాటు చెయ్యాలి."

అలవాట్లు చెడగొట్టడం నా ఉద్యోగం. చెయ్యడం కొత్త.

తలుపు కాపలా నుంచి ఆయన్ని తప్పించి తోటగదిలో ఆకుకూరలు కోసే పనికి వేశారు. ఎంత ఉడుక్కున్నాడో! తలుపు ఆయనకి ఉద్యోగం కాదు, ఊపిరి. ఊరి జనమంతా తన చెయ్యి తగిలాకే బయటికి వెళ్ళి, తన చెయ్యి తగిలాకే లోపలికి వస్తారని ఆయన గర్వం. సర్వారాయుడు బాబాయ్ ఇంటికొచ్చి ఎడమవైపు నిలబడి ఏదో చెప్పి, ఈయన పలక్కపోయేసరికి కుడివైపుకి వచ్చి మళ్ళీ చెప్పాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా తలమీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పే ఉంటావమ్మా, నాదే పొరపాటు" అన్నాడు. కడుపు నిండిపోయింది.

ఇక నేను చేసిన మార్పు. నా కుడి చెవి కమ్మ తీసి పెట్టెలో పెట్టాను. ఆయన ఎడమ పక్కన కూర్చుంటే, ఆయన వైపు ఉండేది నా కుడి చెవే. చెవి బోసిపోయి ఉంటుంది. ఎప్పుడు పట్టుకుంటాడో చూద్దాం.

మంగళవారం

పట్టుకున్నది: దీవెనమ్మ. గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే.

"పట్టేశా! కుడి చెవి! బత్తాయి!" అని గరిటె ఊపుతూ వచ్చింది. చెయ్యి పట్టుకుని వంటశాల లోపలికి లాక్కెళ్ళి సంగతి చెప్పాను. "ఇది నీక్కాదు దీవెనా. ఆయనకి."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "సరేనండీ వదినా. నేను చూళ్ళేదండి" అంది.

అంతవరకు బాగానే ఉంది. కానీ దీవెనమ్మ నోట్లో ఆవగింజ నానదు. మధ్యాహ్నానికల్లా ఊరంతటికీ తెలిసిపోయింది. బడిపిల్లలు నన్ను చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుని పారిపోయారు. సొరంగంలో ఎదురైన ప్రతివాళ్ళూ నా చెవి తప్ప అన్నిటినీ చూస్తున్నారు. పుట్టినప్పట్నుంచీ చూడటం తప్ప ఇంకోటి నేర్చుకోని ఊరు, చూడనట్టు నటించడానికి నానా అవస్థా పడుతోంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

గురువారం

ఇవాళ ఒక వెధవ పని చేశాను. చేసినందుకు సిగ్గూ లేదు.

చోటు మారి చూడమని దీవెనమ్మ అంటే, ఒక్క పూట ఆయనకి కుడి పక్కన కూర్చున్నాను. "వచ్చావా! ఎక్కడికి పోతున్నావే రోజూ, భోజనానికి కూడా రాకుండా?" అన్నాడు. ఎన్నాళ్ళకో! చెయ్యి కడుక్కునేదాకా ఆపకుండా మాట్లాడాడు. తోటగదిలో తోటకూర ఎలా పెరిగిందో చెప్పాడు, బాబాయ్ గురకని అనుకరించి చూపించాడు, నా కంచంలోంచి వడియం దొంగిలించాడు. కొత్తగా పెళ్ళైనవాళ్ళలా నవ్వుకున్నాం. అలా కుడివైపే ఉండిపోతే ఏం పోతుందీ అనిపించింది. హాయిగా ఉంటాం. ఆయనకి తెలియను కూడా తెలియదు.

హబీబా మా వెనకగా వెళ్తూ ఆగింది. ఆయనకి ఎడమ పక్కన ఖాళీగా ఉన్న నా చోటుని చూసింది. అది చాలు.

సాయంత్రం భోజనానికి మళ్ళీ ఎడమవైపుకి వెళ్ళి కూర్చున్నాను. మళ్ళీ గోడనైపోయాను. "ఏమండీ, నేనిక్కడ" అన్నాను. మళ్ళీ అన్నాను. కంచానికి ఎడమ అంచున ఎర్ర రిబ్బను కట్టి, "రిబ్బను కనపడేదాకా తల తిప్పండి" అన్నాను. ఎక్కడో దూరం నుంచి ఎవరో పిలిచినట్టు అటూ ఇటూ చూశాడు. ఇంత దగ్గరగా కూర్చుని ఒకళ్ళ కోసం బెంగపడటం నాకు ఇదే మొదలు.

ఇంకో సోమవారం

మార్పు: గాలిగొట్టాల జాలీల్లో ఇంగువ.
పట్టుకున్నది: ఊరు ఊరంతా, ముక్కులు మూసుకుని.

అవును, మళ్ళీ మొదలుపెట్టమన్నారు. తోటగదిలో నీళ్ళ పంపు కారి కారి నేలంతా బురదైనా ఎవరూ గమనించలేదట. "మళ్ళీ కెలుకు తల్లీ, మొద్దులైపోతున్నాం" అన్నాడు బాబాయ్. నేను బెట్టు చేద్దామనుకున్నాను గానీ, ఇంగువ అప్పటికే కొంగున కట్టుకుని ఉన్నాను.

మా ఆయన తోటకూర మడుల్లో కుడివైపే కోసి, ఎడమవైపు అడవిలా వదిలేస్తున్నాడు. ప్రతి మడికీ ఎడమ గట్టున ఎర్ర రిబ్బను కట్టాను. "తల తిప్పండి, ఇంకా, ఇంకా, ఆఁ" అని పక్కన నిలబడి చెబుతుంటే, "నేనేమన్నా బండి ఎద్దునా?" అని విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కోనీ. ఇవాళ ఒక మడిలో గట్టు దాకా కోశాడు. గట్టు దాకా!

శనివారం

మార్పు: రాయను, చిన్నది.

ఆయన ఇవాళ తలుపు దగ్గరికి వెళ్ళి దూరంగా నిలబడి చూసొచ్చాడు. కొత్త కాపలావాడు క్లిప్పులు లాగి చూస్తుంటే ఈయన చేతులు కూడా గాల్లో లాగుతున్నాయి. ఇంటికొచ్చాక మెల్లిగా అడిగాడు, "నేను నిజంగానే మావయ్యని చంపేవాణ్ణా మాణిక్యం?"

మొదటిసారి ఒప్పుకున్నాడు, తనకేదో అయిందని. "బెల్లు వినగానే బతికించింది కూడా మీరేగా" అన్నాను. తలని మెల్లగా, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు కష్టపడి, ఎడమవైపుకి తిప్పాడు. నా భుజం దాకా వచ్చాడు. ఇంకొంచెం తిప్పమని అనబోయి ఊరుకున్నాను. అప్పటికే చెమట పట్టింది ఆయనకి.

చాలా వారాల తర్వాత, ఆదివారం

మధ్యలో రాసినవన్నీ మామూలు మార్పులే. కావాలంటే గూట్లో చూసుకోండి.

ఇవాళ మళ్ళీ పుట్టగొడుగుల కూర. భోజనశాల నిండా జనం. నేను ఎడమ పక్కన, నా చోట్లో. ఆయన కంచంలో కుడివైపు తిన్నాడు, ఎర్ర రిబ్బను దాకా తల తిప్పుకుని ఎడమవైపు కూర కూడా తిన్నాడు. ఈ మధ్య అంతవరకు చేస్తున్నాడు. నేను మజ్జిగ పోస్తున్నాను.

రిబ్బను దగ్గర ఆగాల్సిన తల ఆగలేదు. ఇంకా ఇటు వచ్చింది. నా చేతి గాజుల దాకా, భుజం దాకా, మొహం దాకా వచ్చింది. నా మొహం మీద ఆయన చూపు తగలడం నాకు తెలిసింది. చంద్రుడి మీద మజ్జిగ కూడా నెమ్మదిగానే పడుతుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఒలికిపోయేదే.

"ఏమే," అన్నాడు నుదురు ముడిచి, "ఈ చెవి కమ్మ ఏది?"

మజ్జిగ చెంబు కింద పెట్టాను. "ఏ చెవిదండీ?" అన్నాను.

"ఇదే!" అని ఎడమ చెయ్యి చాపి నా కుడి చెవి తమ్మె పట్టుకున్నాడు. "బోసిగా ఉంటేనూ! ఇది కూడా మార్పుల్లోకే వస్తుందా?"

భోజనశాలలో గరిటెలు ఆగాయి. పిల్లలు బెంచీల మీదికి ఎక్కి నిలబడ్డారు. దీవెనమ్మ వంటశాల గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈయన చుట్టూ చూశాడు, కుడివైపూ చూశాడు, ఎడమవైపూ చూశాడు.

"ఏంటి, అందరూ అలా చూస్తున్నారు? పట్టేశా! బత్తాయి తేండి!" అని నావైపు తిరిగి, "ఎప్పుడు తీశావు?" అన్నాడు.

"తీసి చాన్నాళ్ళయిందండీ."

"చాన్నాళ్ళా!" ఆయనకి కోపం వచ్చేసింది. లేచి నిలబడ్డాడు. "ఇంతమంది ఉన్నారు, మూడు పూటలా ఎదురుగా కూర్చుని తింటున్నారు, ఒక్కళ్ళకి కనపడలేదా? దీవెనమ్మా, నీక్కూడానా? ఏం మావయ్యా, నువ్వూ చూళ్ళేదా? ఊరంతా కళ్ళు మూసుకుని తిరుగుతున్నారన్నమాట. నేను కాస్త పక్కకి తప్పుకుంటే ఇదా వరస!"

సర్వారాయుడు బాబాయ్ కంచంలోకి చూస్తూ తల వంచుకున్నాడు. "నిజమే అల్లుడూ, మేమెవ్వరం చూళ్ళేదయ్యా. బుద్ధొచ్చింది."

"చూళ్ళేదండీ అన్నయ్యగారూ" అంది దీవెనమ్మ.

"చూళ్ళేదు, చూళ్ళేదు" అన్నారు బెంచీల మీది పిల్లలు, ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ.

"రేపట్నుంచి జాగ్రత్తగా ఉండండి" అని ఆయన అందర్నీ క్షమించేసి కూర్చున్నాడు. హబీబా తోటగదికి పరిగెత్తి బత్తాయి తెచ్చింది. తలుపు సంగతి వచ్చే నెల పరీక్ష చేసి చెబుతానంది, ఇచ్చినా మొదట్లో ఇంకో మనిషి జతగా ఉండాలంది. ఈయన సరేనన్నాడు. "జత ఎందుకు, దండగ" అని ఒక్కసారి మాత్రం గొణిగాడు.

బత్తాయి ఒలిచి సగం నాకు పెట్టాడు. ఆ సగం నా చేతిలో పెట్టడానికి తల తిప్పి, నేనెక్కడున్నానో చూసి మరీ పెట్టాడు.

మార్పు: కుడి చెవి కమ్మ.
పట్టుకున్నది: లోవరాజు. అందరికంటే ముందు.